పాత వాద్యాలకు కొత్త సంగీతం

(సంగీత విద్యార్థుల కోసం, శ్రోతల కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పిల్లలు చాలామంది వచ్చారు, సంతోషం. వయొలిన్ ఒకటి తెచ్చాను, దాంతో పాటు రెండు కమాన్లు తెచ్చాను. కాసేపట్లో మీ చేతికే ఇస్తాను. అందాకా కొంచెం ఓపిక పట్టాలి.

1680వ సంవత్సరం. లండన్. వేసవి. హెన్రీ పర్సెల్ అనే కుర్రాడు, ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు, కూర్చుని వరసగా రచనలు చేస్తున్నాడు. వాటిని ఫాంటాజియాలు అంటారు. నాలుగు వాద్యాలు, నాలుగు దారులు. ఒకరు ఎత్తుకున్న వరసను ఇంకొకరు అందుకుంటారు, మూడో మనిషి దాన్నే తలకిందులు చేసి వాయిస్తాడు, నాలుగో మనిషి సాగదీస్తాడు. చాలావాటి మీద తేదీలు కూడా వేసుకున్నాడు. జూన్‌లో మొదలుపెట్టాడు, ఆగస్టు ఆఖరుకి కూడా రాస్తూనే ఉన్నాడు.

ఎవరి కోసం రాశాడు? ఇదీ నా ప్రశ్న. ఫాంటాజియా అనేది వయోల్ అనే వాద్యాల చుట్టూ పెరిగిన రూపం. వయోల్ అంటే మోకాళ్ళ మధ్య పట్టుకుని కమానుతో వాయించే పాత తీగవాద్యం. పర్సెల్ తాతల కాలంలో ఇంగ్లండులో కాస్త కలిగిన ఇళ్ళలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో ఆరు వయోల్‌లు, చిన్నవి, మధ్యవి, పెద్దవి. ఇంట్లోవాళ్ళు, వచ్చిన చుట్టాలు తలా ఒకటి తీసుకుని వాయించుకునేవారు. వినేవాళ్ళు లేకపోయినా ఫరవాలేదు, వాయించేవాళ్ళే వినేవాళ్ళు. 1680 నాటికి ఆ రోజులు పోయాయి. రెండో చార్లెస్ రాజు 1660లో ప్రవాసం నుంచి తిరిగొచ్చి, ఫ్రెంచి రాజును చూసి తనూ 24 వయొలిన్ల బృందం పెట్టుకున్నాడు. ఆయనకు కాలితో తాళం వేసుకోగలిగిన సంగీతమే నచ్చేది. ఫాంటాజియాలంటే అస్సలు గిట్టేది కాదు. ఆ కాలం మనిషి రోజర్ నార్త్ ఈ సంగతి రాసిపెట్టాడు. మరి ఆ రాజు కొలువులోనే జీతం తీసుకుంటున్న పర్సెల్, ఆ రాజుకే గిట్టని రూపంలో, లోకం పక్కన పెట్టేస్తున్న వాద్యాల పద్ధతిలో ఎందుకు రాసినట్టు? బతికుండగా అవి అచ్చు కూడా కాలేదు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా కాలేదు.

నాకు తోచిన జవాబు చెప్తాను. ఆ వాద్యాలు చేయగలిగిన పని ఇంకా మిగిలి ఉందని అతనికి తెలిసింది. మోజు తీరింది కానీ, వాద్యం అయిపోలేదు. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను. మోజు తీరింది, వాద్యం అయిపోలేదు. ఇప్పుడు యూరప్‌లో, అమెరికాలో పాత వాద్యాల మీద వాయించే బృందాలు ఎన్నో ఉన్నాయి. బాక్, హేండెల్, మోంటెవెర్ది లాంటి పాతకాలపు స్వరకర్తల రచనలు వాయిస్తారు, బాగానే ఉంది. వాటిలో కొన్ని బృందాలు బతికున్న స్వరకర్తల చేత కొత్త రచనలు కూడా చేయించుకుంటాయి. "పాత వాద్యం మీద కొత్త పాటేమిటి, ఇదేం వేషం?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నా జవాబు ఆ 1680 వేసవి.

కమాను, తీగ

ఇప్పుడు వాద్యం దగ్గరికి వద్దాం. ఈ రెండు కమాన్లు చూడండి. ఇది ఇప్పుడు అందరూ వాడేది. కర్ర లోపలికి, వెంట్రుకల వైపుకి వంగి ఉంది. కొస బరువుగా, గొడ్డలి మొనలా ఉంది. పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ అనే ఆయన 1780ల ప్రాంతంలో దీనికి ఈ రూపం స్థిరపరిచాడు. ఇదేమో అంతకు ముందటి కాలపు కమానుకు నకలు. కర్ర బయటికి కొద్దిగా వంగింది, కొస సన్నగా మొనదేలి ఉంది. చేతిలోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. తీసుకోండమ్మా, ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని చూడండి. వెంట్రుకల మీద మాత్రం వేళ్ళు పెట్టకండి, చేతి జిడ్డు అంటితే తీగను పట్టదు.

ఈ కొత్త కమానుతో ఒక స్వరం మొదలుపెట్టి చివరిదాకా ఒకే బలంతో లాగొచ్చు. వినండి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ తగ్గిందో తెలియదు. ఇప్పుడు పాతది. విన్నారా? మొదట్లో చిన్న పట్టు ఉంది, తర్వాత స్వరం విచ్చుకుంది, కొసకు వచ్చేసరికి దానంతటదే తగ్గింది. నేను తగ్గించలేదండీ, కమానే తగ్గించింది. కిందికి లాగితే బరువు, పైకి తోస్తే తేలిక. ఒక మాటలో ఒక అక్షరం ఒత్తి పలుకుతాం, ఇంకోటి తేల్చి పలుకుతాం కదా, ఆ ఒత్తూ ఆ తేలికా రెండూ ఈ కర్రలోనే ఉన్నాయి. పాత వాద్యాల బృందాన్ని నడిపిన నికొలాస్ హార్నన్‌కోర్ట్ గారు రాశారు, 1800కు ముందటి సంగీతం మాట్లాడుతుంది, తర్వాతిది బొమ్మ గీస్తుంది అని. ఆ మాట పుస్తకంలో చదివితే అందంగా ఉంటుంది. ఈ కమాను పట్టుకున్నాక మాత్రం అది కేవలం అందమైన మాట అనిపించదు, అనుభవంలోకి వస్తుంది.

ఇక తీగలు. ఇవి స్టీలువి కావు, గొర్రె పేగుతో పేనినవి. ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళు చూస్తే చాలు. దగ్గరగా చూస్తే పేనిన మెలిక కనబడుతుంది. స్టీలు తీగ గుచ్చినట్టు పలుకుతుంది, దూరం పోతుంది. పేగు తీగకు అంత దూరం పోయే శక్తి లేదు. కానీ దాని స్వరంలో కొంచెం ఊపిరి ఉంటుంది, గొంతులో ఉండే గరుకు లాంటిది. ఇందాక లోపలికి వచ్చేటప్పుడు శ్రుతి చేసుకున్నాను. ఈ ఏసీలో ఇంత సేపటికే మారిపోయింది, వినండి... ఇదిగో, మళ్ళీ చేయాలి. అది దీని స్వభావం. కచేరీ మధ్యలో రెండు మూడు సార్లు ఆపి శ్రుతి చేసుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

శ్రుతి అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. ఇప్పుడు పాశ్చాత్య సంగీతంలో చాలాచోట్ల 'ఎ' స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెడతారు. 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్న లెక్క అది. బాక్ కాలంలో ఒప్పందాలేమీ లేవు, ఊరికో శ్రుతి, చర్చికో శ్రుతి. ఇప్పటి పాత సంగీత బృందాలు సౌకర్యం కోసం బరోక్ రచనలకు, అంటే బాక్ కాలం నాటి రచనలకు, 415 పెట్టుకున్నాయి. అంటే ఐదున్నర శ్రుతి వాళ్ళు ఐదుకు దిగినట్టు, సరిగ్గా అర శ్రుతి తక్కువ. ఫ్రెంచి రచనలకైతే ఇంకా దిగి 392 పెడతారు. శ్రుతి దిగితే తీగ బిగువు తగ్గుతుంది, నాదం వెచ్చబడుతుంది, పాడేవాళ్ళ గొంతు మీద ఒత్తిడి పోతుంది.

కొమ్ము పలికే మధ్యమం

ఈ సభలో కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఎక్కువ కాబట్టి మీకు మాత్రమే చెప్పగలిగిన సంగతి ఒకటి చెప్తాను. పాశ్చాత్య శ్రోతలకు దీన్ని ఇంత తేలిగ్గా చెప్పలేం.

ఇప్పటి హార్న్‌కు, అంటే ఊదే ఇత్తడి కొమ్ముకు, వాల్వులుంటాయి, అవి నొక్కితే అన్ని స్వరాలూ వస్తాయి. ఆ వాల్వులు 1810లలో వచ్చాయి. అంతకు ముందు మోట్సార్ట్, హేడన్ రాసిన హార్న్ అంటే చుట్ట చుట్టిన ఇత్తడి గొట్టం, అంతే. పెదాల బిగువుతో గొట్టం సహజంగా ఇచ్చే స్వరాలే వాయించాలి. పై స్థాయిలో ఆ స్వరాలను వరసగా ఊదితే ఏం వస్తుంది? షడ్జం వస్తుంది. చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం వస్తాయి. శంకరాభరణం మొదలైందని అనుకుంటాం. ఆ తర్వాత వచ్చే మధ్యమం మాత్రం శుద్ధ మధ్యమం కాదు, ప్రతి మధ్యమం కాదు. రెంటికీ దాదాపు నట్టనడుమ ఉంటుంది. శంకరాభరణం అందామంటే ఎక్కువ, కల్యాణి అందామంటే తక్కువ. తర్వాత పంచమం చక్కగా వస్తుంది. ధైవతం మళ్ళీ రెండు ధైవతాల మధ్య పడుతుంది. దాని పైన నిషాదం ఒకటి వస్తుంది, అది కైశికి కంటే కూడా కొంచెం కిందికి ఉంటుంది.

పద్ధెనిమిదో శతాబ్దపు వాయిద్యగాళ్ళు ఏం చేశారు? కుడిచేతిని హార్న్ నోట్లో పెట్టి, కొంచెం మూసి, కొంచెం తెరిచి ఆ మధ్యమాన్ని సరిచేసుకున్నారు. డ్రెస్డెన్‌లో హాంపెల్ అనే ఆయన ఆ విద్యకు పేరు పొందాడు. చేయి మూసినప్పుడు స్వరం కాస్త ముక్కుతో పలికినట్టు వస్తుంది. మోట్సార్ట్ హార్న్ కన్చెర్టోలు, అంటే ఒక హార్న్ ముందుండి బృందం తోడుగా వాయించే రచనలు, పాత హార్న్ మీద వింటే ఒక్కో స్వరానికి ఒక్కో రంగు. వాల్వులు వచ్చాక ఆ రంగులన్నీ ఒకటైపోయాయి.

వాల్వులు రావడం తప్పని నేను అనను. నేను అడిగేది ఇది: ఆ తప్పిన మధ్యమం నిజంగా తప్పా? బెంజమిన్ బ్రిటన్ అనే ఇంగ్లీషు స్వరకర్త 1943లో తన సెరెనేడ్ మొదట్లో హార్న్ ఒంటరిగా పలికేటప్పుడు వాల్వులు ముట్టుకోవద్దని, సహజ స్వరాలే ఊదమని రాశాడు. మొదటిసారి వినేవాళ్ళు వాయించేవాడు అపస్వరం పలికాడనుకుంటారు. ద్యోర్ద్ లిగెటి అనే స్వరకర్త ఇంకా ముందుకు వెళ్ళాడు. 1990ల చివర హాంబుర్గ్ కన్చెర్టో రాస్తూ, ముందు నిలబడే హార్న్‌తో పాటు నలుగురి చేత వాల్వులు లేని హార్న్‌లు పట్టించాడు. ఒక్కొక్కటీ ఒక్కో శ్రుతిలో. అవి నాలుగూ కలిసి పలికితే వచ్చే నాదం పియానోలో ఏ మెట్ల మధ్యా దొరకదు. మోట్సార్ట్ కాలంలో చేత్తో మూసి దాచిన స్వరాన్నే లిగెటి తెరిచి వినిపించాడు. వాద్యం అయిపోలేదు అంటే అదీ.

ఎలా మొదలైంది

ఈ పాత వాద్యాల ఉద్యమానికి పెద్ద చరిత్ర ఉంది, అంతా చెప్పను. క్రీస్తు శిలువ బాధలను పాడే బాక్ రచన మత్తయి పాషన్‌ను 1829లో బెర్లిన్‌లో మెండెల్సన్ మళ్ళీ వినిపించాడని మీరు చదివే ఉంటారు. అయితే తన కాలపు వాద్యాలతోనే వినిపించాడు, చాలా భాగాలు తీసేశాడు కూడా. బాక్ అడిగిన కొన్ని రకాల ఓబోలు అప్పటికే వాడుకలో లేవు, వాటి చోట క్లారినెట్లు పెట్టాడు. రచన తిరిగొచ్చింది, నాదం రాలేదు.

నాదం కోసం వెతికినవాళ్ళలో ఆర్నల్డ్ డొల్మెచ్ ముందు వరసవాడు. వయోల్‌లు, ల్యూట్‌లు, హార్ప్సికార్డ్‌లు తన చేతులతో చేశాడు. ఆయన దగ్గర పాత రికార్డర్ ఒకటి ఉండేది, నిలువుగా పట్టుకుని ఊదే పిల్లనగ్రోవి. 1919లో లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఆయన చిన్న కొడుకు ఆ సంచీ మరిచిపోయాడు. అది పోయింది. ఆయన కూర్చుని, అలాంటిదే తనే తయారుచేశాడు. ఇప్పుడు మన ఇంటర్నేషనల్ స్కూళ్ళలో కూడా పిల్లలు ఊదే ప్లాస్టిక్ రికార్డర్ ఉంది చూశారూ, ఆ వాద్యం మళ్ళీ జనంలోకి రావడంలో ఆ పనికి పెద్ద వాటా ఉంది.

తర్వాత వియన్నాలో హార్నన్‌కోర్ట్. ఆయన వియన్నా సింఫనీలో చెల్లో వాయించేవారు, జీతం అక్కడ. 1953లో భార్య ఆలిస్‌తో, కొందరు స్నేహితులతో కలిసి కాన్సెంటుస్ మూజికుస్ అనే బృందం పెట్టారు. జనం ముందుకు వచ్చింది ఎప్పుడు? 1957లో. ఆ మధ్య కాలమంతా ఇంట్లో సాధనే. పాత వాద్యాలు సంపాదించడం, వాటిని ఎలా పట్టుకోవాలో, ఎలా పలికించాలో పాత గ్రంథాలు చదివి నేర్చుకోవడం. క్వాంట్స్ 1752లో వేణువు మీద రాసిన గ్రంథం, లెయోపోల్డ్ మోట్సార్ట్ 1756లో వయొలిన్ మీద రాసిన గ్రంథం, ఇవీ వాళ్ళకు గురువులు. గురువు చనిపోయి దాదాపు రెండు వందల ఏళ్ళయ్యాక శిష్యరికం చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. చేతిని సరిచేసేవాళ్ళు ఎవరూ లేరు.

మనకు దీనికి సరిగ్గా తిరగబడ్డ అనుభవం ఉంది. అన్నమయ్య రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారి లాంటి విద్వాంసులు వాటికి స్వరాలు కూర్చారు. అక్కడివాళ్ళకు కాగితం మీద స్వరాలు చక్కగా దొరికాయి, పలికే పద్ధతే తెగిపోయింది. మనకు పలికే పద్ధతి గురువు నుంచి శిష్యుడికి వస్తూనే ఉంది, స్వరాలు దొరకలేదు. అందుకే వాళ్ళ కష్టం మనవాళ్ళకు త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు వైపు ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారని మనందరికీ తెలుసు. ఆయన 1786లో పుట్టారు. చిన్ రెస్ట్ అనేది 1820 ప్రాంతంలో లూయీ ష్పోర్ పుట్టించినది. అంటే ఆయన నేర్చుకునే రోజుల్లో వయొలిన్లకు గడ్డం పట్టే ఆ చెక్క లేదు, తీగలు పేగువే. మన వయొలిన్ ఈ నేలకు వచ్చింది ఇలాంటి రూపంలోనే, నా చేతిలో ఉన్న ఈ రూపానికి దగ్గర రూపంలోనే. కూర్చుని, పాదం మీద ఆనించి పట్టుకునే మన పద్ధతిలో గడ్డానికి పని లేదు కాబట్టి గమకానికి చేయి మొత్తం ఖాళీగా దొరికింది. ఒకే వాద్యాన్ని రెండు లోకాలు రెండు విధాలుగా పెంచుకున్నాయి.

కొత్త రచనలు

సరే, అసలు విషయానికి వస్తున్నాను.

1980లలో రిచర్డ్ టారుస్కిన్ అనే అమెరికన్ పండితుడు ఈ బృందాలకు గట్టి సవాలు విసిరాడు. మీరు పాతకాలాన్ని తిరిగి తెస్తున్నామంటున్నారు, అది కుదరని పని, మీరు వాయించే వేగం, తేలిక, భావం పొంగకుండా పట్టి ఉంచడం, ఇదంతా ఇరవయ్యో శతాబ్దపు అభిరుచే, దానికి పాత బట్టలు తొడిగారు అన్నాడు. చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాటలో చాలా నిజం కనబడుతుంది. ఆ నిజం వల్ల ఈ బృందాల విలువ తగ్గుతుందని అనుకోను. వీళ్ళు ఈ కాలం మనుషులే. ఈ కాలం మనుషులు ఈ కాలం రచనలు వాయించడంలో వింత ఏముంది?

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 1972లో హోర్తుస్ మూజికుస్ అని ఒక బృందం మొదలైంది. మధ్యయుగాల పాటలు, రినైసాన్స్ పాటలు వాయించేవారు. అప్పుడు అది సోవియట్ పాలన. అదే ఊళ్ళో ఆర్వో పార్ట్ అనే స్వరకర్త. 1968లో ఆయన క్రేదో అనే రచన వినిపించాడు, అందులో మతపరమైన మాటలున్నాయని ప్రభుత్వానికి కోపం వచ్చింది. ఆ తర్వాత ఆయన దాదాపు మౌనంలోకి వెళ్ళాడు. ఆ మౌనంలో ఏం చేశాడు? పాత చర్చి గానం, తొలినాటి బహుగళ సంగీతం కూర్చుని చదివాడు. 1976లో బయటికి వచ్చినప్పుడు ఆయన సంగీతం పూర్తిగా మారిపోయింది. చాలా కొద్ది స్వరాలు, గంట మోగినట్టు తిరిగి తిరిగి వచ్చే మూడు స్వరాల కూర్పు. ఆ సంగీతాన్ని మొదట పలికిందెవరు? పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా కాదండీ. హోర్తుస్ మూజికుస్. 1977లో రాసిన ఫ్రాత్రెస్ వాళ్ళ కోసమే రాసింది. ఇప్పుడు ఆ రచనను ప్రపంచంలో అందరూ వాయిస్తున్నారు, ఎన్నో వాద్యాలకు మార్చారు. కానీ వైబ్రాటో లేకుండా, అంటే స్వరాన్ని వణికించకుండా, ఆడంబరం లేకుండా ఒక స్వరాన్ని నిలబెట్టడం చేతనైన మనుషులు అప్పుడు ఆయనకు దొరికింది పాత సంగీత బృందంలోనే. ఈ సంగతి సంగీత చరిత్రల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో అదే అసలు సంగతి.

ఇప్పుడు వయోల్ దగ్గరికి. ఇంగ్లండులో ఫ్రెట్‌వర్క్ అని ఒక వయోల్ బృందం ఉంది, 1980ల మధ్యలో పుట్టింది. పర్సెల్, బర్డ్, గిబ్బన్స్ వాయిస్తారు. మొదటి నుంచీ కొత్త రచనలు చేయించుకోవడం వాళ్ళ అలవాటు. వయోల్ ఎలా ఉంటుందో చెప్పాలి కదా. మోకాళ్ళ మధ్య పట్టుకుంటారు, ఆరు తీగలు, కమానును అరచేయి పైకి పెట్టి పట్టుకుంటారు. వీణకున్నట్టే మెట్లుంటాయి. అయితే లోహపు మెట్లు కావు, పేగు తీగనే మెడ చుట్టూ ముడివేసి కడతారు, కావాలంటే కొంచెం జరుపుకోవచ్చు. మెట్టు ఉండటం వల్ల ఏమవుతుందంటే, వేలితో నొక్కిన స్వరం కూడా ఖాళీ తీగ మోగినట్టే మోగుతుంది. మెత్తటి వేలు ఆ నాదాన్ని మింగదు.

జార్జ్ బెంజమిన్ అనే ఇంగ్లీషు స్వరకర్త 1990లో ఫ్రెట్‌వర్క్ కోసం ఒక రచన చేశాడు. ఒక స్త్రీ గొంతు, ఐదు వయోల్‌లు. యేట్స్ పద్యం తీసుకున్నాడు. గుడారంలో సీజర్ ఆలోచిస్తుంటాడు, ఒక పిల్ల ఎవరూ చూడటం లేదనుకుని నాట్యపు అడుగు వేస్తుంటుంది, మైకలాంజెలో పైకప్పు కింద పరంజా మీద పడుకుని గీస్తుంటాడు. ముగ్గురి మనసూ నీటి మీద పురుగు నడిచినట్టు నిశ్శబ్దం మీద నడుస్తుందంటాడు కవి. అది పాడాలంటే నిశ్శబ్దానికి అతి దగ్గరగా ఉండి కూడా విరిగిపోని నాదం కావాలి. చెల్లోలు, వయొలిన్లు అంత సన్నగా వాయిస్తే ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. వయోల్‌కు సన్నగా ఉండటమే సహజ స్థితి. తర్వాత బెంజమిన్ అదే రచనను మామూలు వయోలా, చెల్లో, డబుల్ బేస్‌లకు మార్చాడు. ఐదుగురు చాల్లేదు. ఏడుగురు కావాల్సి వచ్చింది.

హార్ప్సికార్డ్ కథ ఇంకో మలుపు. అందులో తీగను సుత్తితో కొట్టరు, పూర్వం పక్షి ఈకతో, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ ముక్కతో మీటుతారు. వేలు గట్టిగా వేసినా, మెల్లగా వేసినా శబ్దం దాదాపు ఒకటే. దాన్ని లోపం అంటారు. లిగెటి 1968లో కంటిన్యుయం అనే రచనలో ఆ లోపాన్నే పట్టుకున్నాడు. రెండు చేతులూ ఎంత వేగంగా వాయించాలంటే స్వరాలు విడివిడిగా వినబడటం మానేసి ఒకే ధారగా కలిసిపోవాలి. నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. పియానో మీద ప్రయత్నిస్తే సుత్తులు అంత వేగానికి అందుకోలేవు, అందుకున్నా అంత సమంగా రాదు.

హార్ప్సికార్డ్ గురించే ఇంకో మాట. వాండా లాండోవ్‌స్కా అనే మహానుభావురాలు దాన్ని మళ్ళీ వేదిక ఎక్కించింది. ఆమె వాయించింది పారిస్‌లో ప్లెయెల్ కంపెనీ చేసిన పెద్ద వాద్యం, లోపల పియానోలో లాగా ఇనుప చట్రం. ఫాల్యా అనే స్వరకర్త కన్చెర్టో 1926లో ఆమె కోసమే వచ్చింది, పూలెంక్ అనే ఇంకో స్వరకర్త కన్చెర్టో కూడా ఆమె కోసమే. తర్వాత 1949లో బోస్టన్‌లో ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ దుకాణం పెట్టి మ్యూజియంలలోని అసలు వాద్యాలకు నకళ్ళు చేయడం మొదలుపెట్టారు. ఇలాంటివాళ్ళ పని వల్ల ప్లెయెల్ వాద్యం పాతబడిపోయింది, నిజమైన హార్ప్సికార్డ్ కాదని పక్కన పెట్టారు. మరి ఫాల్యా రాసింది దేనికి? ఆ ఇనుప చట్రం వాద్యానికే. కాబట్టి ఇప్పుడు ఫాల్యాకు ప్లెయెలే అసలైన కాలపు వాద్యం. వంద ఏళ్ళ లోపే కొత్తది పాతదైపోయింది.

ఒక్క రచన గురించి చెప్పి ఈ భాగం ముగిస్తాను. 2007లో లండన్‌లో హైనర్ గోబెల్స్ అనే జర్మన్ స్వరకర్త రెండు బృందాలను ఒకే వేదిక మీద కూర్చోబెట్టాడు. ఒకటి ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్, పాత వాద్యాల బృందం. రెండోది లండన్ సింఫోనియెట్టా, కొత్త సంగీతానికి పేరుపడ్డ బృందం. రెండో ప్రపంచ యుద్ధ కాలం గురించి గెర్‌ట్రూడ్ స్టైన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన మాటలను వాయించే స్త్రీలే చదివారు. తేనె గురించి, రేషన్ గురించి, ఇంటి పనుల గురించి, మధ్యలో యుద్ధం గురించి. అందులో పదిహేడో శతాబ్దపు మాథ్యూ లాక్ సంగీతం వచ్చి పోతుంటుంది. యుద్ధం పూర్వం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని స్టైన్ అంటుంది, ఆ మాటకు పాత వాద్యం పక్కన కొత్త వాద్యం ఉండటమే సాక్ష్యంగా నిలిచింది.

అన్నీ ఇలా కుదరవు, ఇది కూడా చెప్పాలి. పాత వాద్యాన్ని అత్తరు లాగా వాడే స్వరకర్తలు చాలామంది ఉన్నారు. వయోల్ కనబడగానే దిగులు పాట, హార్ప్సికార్డ్ కనబడగానే రాజభవనం. ఇంకొందరు వయోల్‌కు చెల్లోకు రాసినట్టు రాస్తారు, పై స్థాయిలో, గట్టిగా. వయోల్ ఎంత గట్టిగా వాయించినా చెల్లో మామూలు బలానికి మించదు, పాపం వాయించేవాళ్ళు చెమటలు కక్కుతారు. మంచి రచనలు ఎక్కడ వచ్చాయో చూస్తే ఒకటి కనబడుతుంది. స్వరకర్త ముందు వాయించేవాళ్ళ దగ్గర కూర్చున్నాడు, ఈ తీగ ఇలా ఎందుకు పలుకుతోంది అని అడిగాడు, ఆ తర్వాతే కలం పట్టాడు. బృందాలు కూడా అందుకు సమయం, డబ్బు పెట్టాలి. రెండు రిహార్సళ్ళలో వాయించేసి మరిచిపోయే పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. కొత్త రచనను పదిసార్లు వాయించితేనే అది వాద్యంలోకి ఇంకుతుంది.

వినాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. ముందు పర్సెల్ రాసిన 'ఒకే స్వరం మీద ఫాంటాజియా' వినండి. ఐదు వాద్యాల్లో ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరం పట్టుకుని ఉంటుంది, మిగతా నాలుగూ దాని చుట్టూ తిరుగుతాయి. తంబురా వింటూ పెరిగిన చెవికి అది పరాయిగా అనిపించదు. తర్వాత బెంజమిన్ రచన, ఆ తర్వాత లిగెటి కంటిన్యుయం. ఫోన్ స్పీకర్ మీద వద్దు, దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఈ వాద్యాల అందమంతా స్వరం మొదలయ్యే ఆ క్షణంలో, ఆగిపోయే ఆ క్షణంలో ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ రెంటినీ మింగేస్తుంది.

వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఇందాక బయట అడిగారు, మన దగ్గర పేగు తీగలు వాడొచ్చా అని. వాడొచ్చు. మన కోస్తా తేమకు తీగ ఉబ్బుతుంది, శ్రుతి ఎక్కుతుంది దిగుతుంది, తొందరగా పోగులు లేస్తుంది. వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవాలి. అన్ని తీగలూ ఒకేసారి మార్చకండి, ముందు పై తీగ వదిలేసి మధ్య రెండూ మార్చి చూడండి, పై తీగే ముందు తెగుతుంది. బ్రిడ్జి గాడి సన్నగా ఉంటే వెడల్పు చేయించాలి, లేకపోతే లావు తీగ అందులో కూర్చోదు. ఆ పని తెలిసిన మనిషి చేతే చేయించండి, ఇంట్లో ఆకురాయి పట్టకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.